పూలమడి కింద మురుగు

వెల్డా స్టాంపర్ ఆ ప్లాస్టిక్ రేకు ఊడదీసి ఇంటి కిందికి తల పెట్టిందో లేదో, పొద్దున తిన్న మొక్కజొన్న రొట్టె గొంతుదాకా వచ్చేసింది.

ఇంటి కింద నీళ్ళు నిలిచాయి. నీళ్ళు అనడం మర్యాదకే. నల్లగా, జిగటగా, పైన తెట్టు కట్టి, అందులో నానిన కాగితాలూ, నోటితో చెప్పకూడనివీ తేలుతున్నాయి. నేల నానిపోయి ఇంటిని మోసే దిమ్మలు కుంగినట్టున్నాయి, ఇల్లు ఓ పక్కకి వాలి, పాయిఖానా గొట్టం కీలు దగ్గర ఊడి వేలాడుతోంది. ఓ మూల ఎలుక చచ్చి, ఉబ్బి, వెల్లకిలా తేలుతోంది. దాని పొట్ట మీద ఈగలు.

"థూ! ఛీ ఛీ ఛీ!" అని వెనక్కొచ్చి గడ్డిలో ఉమ్మేసింది. ఉమ్మినా ఆ వాసన నాలిక మీంచి పోలేదు.

ఇంతా చేస్తే ఆ రేకులకి ఏటేటా తెల్లరంగు వేసేది ఆమే. చక్రాల మీద లాక్కొచ్చి అద్దె నేలలో దిమ్మల మీద నిలిపిన ట్రైలరు ఇళ్ళ పార్కు అది. అక్కడ ప్రతి ఇంటికీ అడుగు కనపడకుండా చుట్టూ పావడాలా కడతారు వాటిని. ఎంత తెల్లగా ఉంటే అంత పరువు. పైన పటారం, లోన లొటారం.

వెల్డా ఆ పూట రేకు ఊడదీసింది సరదాకి కాదు. మొగుడు బర్ల్ మంచం పక్కన నేల మెత్తబడింది. కాలు వేస్తే నానిన రొట్టెలా లోపలికి దిగుతోంది. బర్ల్ ఊపిరితిత్తుల్ని బొగ్గు గని తినేసింది. ముక్కులో గొట్టంతో, పక్కన ఆక్సిజన్ మిషనుతో పడుకునే మనిషి. ఆ గదిలో వాసన పెరిగిన దగ్గర్నుంచీ అతని దగ్గు కూడా పెరిగింది. వారం వారం వచ్చే నర్సు కార్లా కిందటిసారి గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి, మొహమాటం లేకుండా చెప్పేసింది: "ఈ తేమలో ఆయన్ని ఉంచలేం వెల్డా గారూ. సోమవారం వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కౌంటీ వృద్ధుల ఆసుపత్రికి పంపించాల్సిందే."

బర్ల్ అన్న పోయింది అక్కడే, గోడకేసి చూస్తూ చూస్తూ. "నన్నక్కడికి మాత్రం పంపకే" అన్నాడు బర్ల్, నర్సు వెళ్ళాక. ఇల్లు ఇంకోచోటికి లాక్కుపోదామా అంటే అంత పాత ఇంటిని ఏ పార్కూ రానివ్వదు. కదిలిస్తే నడుముకి విరుగుతుంది.

కాళ్ళకి బురదతోనే వెల్డా పార్కు ఆఫీసుకి నడిచింది. ఆఫీసు వరస చివర, పల్లంలో ఉంది. దాని ముందు పచ్చటి గడ్డి, జెండా స్తంభం. ఆ మధ్యాహ్నమే అందమైన ముంగిళ్ళ పోటీ కావడంతో మేనేజరు ట్రెంట్ గడ్డిలో బల్లలు వేయిస్తున్నాడు. బల్లల మీద అప్పుడే ఆపిల్ పైలని పళ్ళు కూరిన తీపి రొట్టెలు రెండు కూడా వచ్చి కూర్చున్నాయి.

"బాబూ, నా ఇంటి కింద నరకం ఉంది. వచ్చి చూడు."

ట్రెంట్ ఆమె చెప్పులకేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేల మాది, ఇల్లు మీది వెల్డా గారూ. మీ ఇంట్లోంచి పడేదానికి మేమేం చేస్తాం చెప్పండి?"

"వారం రోజుల వాన కూడా నా ఇంట్లోంచే పడిందా?"

"వాన అందరికీ పడింది. కంపు అని వచ్చింది మాత్రం మీరొక్కరే." గొంతు తగ్గించాడు, ఏదో మేలు చేస్తున్నవాడిలా. "నేనెవరికీ చెప్పన్లెండి. పోయినేడు పోటీ గెలిచినవారు, ఇలాంటివి బయటపడితే బాగుండదు. రేకు బిగించేసి సున్నం చల్లండి." జేబులోంచి కార్లలో వేలాడదీసే అత్తరు అట్ట ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పచ్చటి చెట్టు బొమ్మ.

ఇంటి కింద మురుగు కంటే ఆ మంచితనానికి ఎక్కువ వాంతి వచ్చింది వెల్డాకి. కానీ అట్ట పుచ్చుకుని వెనక్కి తిరిగింది. 'మీరొక్కరే' అన్న మాట పనిచేసింది.

ఎందుకు పనిచెయ్యదు? ట్రైలర్లలో ఉండేవాళ్ళంటే చెత్త మనుషులని ఊళ్ళోవాళ్ళు మొహానే అంటారు. అందుకని పార్కు జనం మొగుడు తాగొచ్చి తన్నాడని చెప్పుకుంటారు, కొడుకు జైల్లో ఉన్నాడని చెప్పుకుంటారు, ఇంట్లో కంపు అని మాత్రం చచ్చినా చెప్పుకోరు. నర్సు వచ్చే ముందు వెల్డా తివాచీ పరిచి అత్తరు కొట్టేది. మొగుడు దగ్గుతుంటే ఆ అత్తరుకి దగ్గుతున్నాడో మురుక్కి దగ్గుతున్నాడో తెలిసేది కాదు.

తిరిగొస్తుంటే ఒంట్లో ఉడుకు దించుకోడానికి ఎవరో ఒకరు కావాల్సొచ్చారు. ఎగువింటి లవర్న్ గుర్తొచ్చింది. నీళ్ళు పల్లానికే కదా వచ్చేది. ఈ దరిద్రం అంతా దానింట్లోంచే దిగుతోందని తీర్మానించుకుని నేరుగా వెళ్ళి దాని ముంగిట్లో నిలబడింది.

"ఒసే లవర్న్! నీ ఇంటి మురుగు నా మొగుడి మంచం కిందికి తోలుతున్నావే!"

లవర్న్ కుండీలో పూలమొక్క నాటుతోంది. చేతిలో తాపీ అలాగే పట్టుకుని లేచింది. "నోరు కడుక్కుని మాట్లాడు. నా ఇల్లు అద్దంలా ఉంటుంది. కంపు నీ దగ్గరే కొడుతోంది, ముందు ఆ కాళ్ళు చూసుకో!"

"అద్దమా? పది అత్తరు కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చుంటావు, ఏ చర్చికీ లేనన్ని! ఎందుకో నాకు తెలీదనుకున్నావా?"

అంటూనే వెల్డా ఆగిపోయింది. లవర్న్ వసారా చూరుకి పచ్చటి చెట్టు అట్టలు వేలాడుతున్నాయి. ఒకటి కాదు, తోరణం కట్టినట్టు వరసగా. తన చేతిలో ఉన్న అట్ట పైకెత్తి చూపించింది.

"ఇవి నీకెవరిచ్చారే?"

లవర్న్ దొంగకు తేలు కుట్టినట్టు తల దించుకుంది. మొహం ఎర్రబడింది. "ట్రెంట్" అంది. "కంపు అని వెళ్ళింది నేనొక్కదాన్నేనట. ఎవరికీ చెప్పనన్నాడు."

ఇద్దరూ కలిసి లవర్న్ ఇంటి రేకు ఊడదీశారు. అదే నలుపు, అదే తెట్టు. ఎలుక ఒక్కటే తక్కువ. లవర్న్ ఏప్రాన్‌తో ముక్కు మూసుకుని ఏడ్చింది. "నా ఇల్లే ఇలా ఏడిసిందనుకున్నానే. మా అమ్మాయి మనవల్ని తీసుకొస్తానంటే వద్దని అబద్ధాలాడాను."

వరస పొడుగునా చూశారు. ప్రతి వసారాలోనూ ఏదో మూల ఆ పచ్చ చెట్టు ఊగుతోంది.

"మనం వచ్చిన కొత్తలో ఇళ్ళ వెనక వానకాలువ ఉండేది కదే?" అంది లవర్న్.

ఉండేది. లోతేం లేదు, గడ్డి పెరిగిన పల్లం, ఎగువనుంచి ఆఫీసు పక్కగా రోడ్డు తూములోకి. ముంగిళ్ళ పోటీ మొదలయ్యాక గుంటలున్న స్థలానికి మార్కులు తగ్గించేవారు. ఆ పల్లం అందరికీ కళ్ళలో నలుసైంది. ఒకరు మట్టి పోసి బంతిపూలు వేశారు, ఒకరు ఊయల పెట్టారు, ట్రెంట్ ఆఫీసు ముందు పూడ్చి గడ్డి పరిపించాడు. తిలాపాపం తలా పిడికెడు. అందరికంటే గట్టిగా పూడ్చింది వెల్డానే. ఆమెది వరసలో ఆఖరిల్లు. ఇటుకలు పేర్చి, మట్టి దిమ్మిస చేసి, పియోనీ పూలమడి కట్టింది. పోయినేడు బహుమతి దానికే. మొత్తం వరస నీళ్ళకి అది ఆనకట్ట.

ఎవరూ విడమరచి చెప్పకుండానే వెల్డాకి అర్థమైంది. బహుమతి రోజున ఆ పూల ముందు నిలబడి ఫొటో దిగింది. అదే పూట బర్ల్ లోపల దగ్గుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళి పార పట్టుకొచ్చింది.

"ఇప్పుడా?" లవర్న్ చెయ్యి పట్టుకుంది. "పోటీ అయ్యాక తవ్వుదువు. అదంతా ఆ బల్లల మీదకే పోతుంది. ఊరు ఊరంతా వస్తోంది, పరువు పోతుందే."

"ఏం పరువే? నా మొగుడు మన పీతిలో పడుకుని ఊపిరి పీలుస్తున్నాడు. సోమవారం వాళ్ళు తీసుకుపోతే ఈ పూలు కోసి పట్టుకెళ్ళనా ఆ ఆసుపత్రికి?"

మొగ్గ మీదున్న పియోనీలు. ఒక్కో దుంప నరుకుతుంటే చెయ్యి వెనక్కి తీయలేదు సరికదా, ఇంకా గట్టిగా పొడిచింది. ఇటుకల వరస కదిలించగానే మట్టి కింద ఏదో గుటక వేసినట్టు చప్పుడైంది. తర్వాత వచ్చింది. ముందు సన్నగా, నల్లగా, పాములా. ఆపైన మడి గట్టు విరుచుకుని మొత్తం ఒక్కసారిగా. ఏళ్ళ తరబడి మగ్గిన మురుగు. దాంతోపాటు కాగితాలు, పిల్లల డైపర్లు, వెల్లకిలా ఎలుక. వాసనకి లవర్న్ కుక్క కూడా మూలుగుతూ ఇంట్లోకి పారిపోయింది.

కొత్త గడ్డి మీద అది నింపాదిగా పరుచుకుంది. బల్లల చుట్టూ తిరిగింది. పోటీ న్యాయనిర్ణేతగా వచ్చిన ఆవిడ తెల్లజోళ్ళతో కుర్చీ ఎక్కి నిలబడింది. ఎవరో ఓ ఆపిల్ పైని చేతుల్లోకి ఎత్తుకుని పరుగెత్తారు, బిడ్డని కాపాడినట్టు. ట్రెంట్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఎవరిదిది? ఎవరింటిదీ అసహ్యం?"

పార్కు జనమంతా అక్కడే ఉన్నారు. అందరూ తమ కాళ్ళకేసి చూసుకుంటున్నారు. వెల్డా మోకాళ్ళదాకా మురుగుతో, పార ఊతంగా నిలబడి ఉంది.

"నాది" అంది.

"అంతా నీదే అంటే ఊరుకోనే" అని లవర్న్ వెనకనుంచి వచ్చింది. "అందులో సగం నాది."

ఎవరో పకపకా నవ్వారు. వరస ఎగువనుండే ముసలాయన, "ఆ డైపర్లు మా మనవడివి" అని గొణిగి పార తెచ్చుకోడానికి వెళ్ళాడు. పోటీ జరగలేదు. సాయంత్రానికి ఆ కాలువ ఎగువదాకా తెరుచుకుంది, ఆఫీసు ముందు ట్రెంట్ పూడ్చిన ముక్క తప్ప. తవ్వుతూ వాంతి చేసుకున్నవాళ్ళు చేసుకున్నారు, బూతులు తిట్టినవాళ్ళు తిట్టారు. ఆదివారం వెల్డా, లవర్న్ ఇద్దరూ వెల్డా ఇంటి కిందికి పాకి గొట్టం కీలు బిగించారు. బయటికొచ్చాక ఒకరి జుట్టులో చూసి ఒకరు "యాక్" అనుకుని పైపుతో కడుక్కున్నారు.

సోమవారం నర్సు కారు ఆగేసరికి వెల్డా చెయ్యి అలవాటుగా అత్తరు డబ్బా మీదకి పోయింది. తీసింది. మళ్ళీ అక్కడే పెట్టేసింది. కార్లా లోపలికి రాగానే బర్ల్ మంచం పక్క తివాచీని వెల్డా తనే చుట్టి పక్కకి లాగేసింది. కుళ్ళిన చెక్క నల్లగా బయటపడింది.

"ఇదిగోనమ్మా. ఇన్నాళ్ళూ నీకు కనపడకుండా దాచాను. కింద నీళ్ళు పోయాయి, గొట్టం బాగుచేశాం. నువ్వే చూసుకో."

కార్లా బూటు కొనతో చెక్క నొక్కి చూసింది. బయటికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, రేకులు తీసేసిన ఇంటి అడుగున చాలాసేపు చూసింది. లోపలికొచ్చి మంచం అంచున కూర్చుని బర్ల్ వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నది.

"రేకులు మళ్ళీ బిగించకండి, గాలి ఆడనివ్వండి. ఈ చెక్క మార్పించండి" అంది చివరికి. "అప్పటిదాకా ఆయన మంచం ముందుగదిలో వేయండి. ఇక్కడే ఉంటారు."

వెల్డా నేల మీద కూర్చుని తివాచీ చుట్టని ఒళ్ళోకి లాక్కుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఏడిస్తే ఏడువు గానీ" అన్నాడు బర్ల్ మంచం మీంచి, మొహం వికారంగా పెట్టి, "ముందా కిటికీ ముయ్యవే. ఆఫీసువైపు నుంచి పాడు కంపు."

మూద్దామని లేచింది. పల్లంలో ట్రెంట్ ముక్కుకి గుడ్డ కట్టుకుని పైపుతో గడ్డి కడుగుతున్నాడు. కడిగిందల్లా మళ్ళీ అతని కాళ్ళ దగ్గరికే చేరుతోంది. వెల్డా కళ్ళు తుడుచుకుని, కాసేపు అలాగే చూసి, అప్పుడు మూసింది.