సన్నాలకు ధర పడని రోజు

నల్లపాడు స్టేషను దగ్గర ఎరువుల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. అక్కడి నుంచి రోజూ మిర్చి యార్డు ధరలు పల్లెలకు వెళ్ళేవి. పల్లెల్లో ఎస్టీడీ బూతులు నడిపేవాళ్ళు కంప్యూటరు పెట్టుకుని, ఫోను తీగ మీద ఇంటర్నెట్టు కలిపి, ఆ పేజీ తెరిచి, కాగితం మీద తీసి గోడకు అంటించేవాళ్ళు. రైతులు అది చూసుకుని, కాయలు యార్డుకు ఎత్తాలా ఆగాలా అని తేల్చుకునేవాళ్ళు.

ఆ పేజీ కోటేశ్వరి రాసింది. దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ కూలీ కూతురు. టైపు ఇన్‌స్టిట్యూటులో హయ్యరు పాసై, తర్వాత కంప్యూటరు డిప్లొమా చేసి, ఎవరి సిఫారసూ లేకుండా ఆ కుర్చీలో కూర్చుంది. యజమాని బాలు గారు ఎవరైనా వస్తే, "ఇది మా కోటేశ్వరి పేజీ" అని చూపించేవాడు. ఆ మాట వినడానికి ఆమె మంచినీళ్ళు తాగే మిషతో లేచి ముందు గదిలోకి వచ్చేది.

కొత్త ఏడాది నుంచి పత్తి ధరలకు కూడా ఒక పేజీ పెట్టాలని బాలు గారు అనుకున్నాడు. అటు ప్రకాశం జిల్లా దాకా పోయే పని. అది తనకే వస్తుందని కోటేశ్వరి ధీమాగా ఉంది. అప్పుడే ఫెబా వచ్చింది.

ఫెబా చీరాల పిల్ల. నాన్న అక్కడ మిషను స్కూల్లో మాస్టారు. ఎంసీఏ చదివింది. సన్నగా, పొడుగ్గా ఉండి, పని చేస్తూ సన్నగా పాడుకునేది. వచ్చిన రోజే "అక్కా" అని పిలిచి తన డబ్బాలోంచి చేపల పులుసు వడ్డించింది. కోటేశ్వరి తిన్నది. పులుసు బాగుంది. అది కూడా నచ్చలేదు.

ఒక పొద్దున జానీబీ ఫోను చేసింది. ప్రత్తిపాడు వైపు ఒక పల్లెలో ఆమెకు బూతు ఉంది.

"ఏమ్మా కోటేశ్వరీ, మీ పేజీకి ఏం రోగం వచ్చింది? తెర తెల్లగా ఉండిపోతోంది. రైతులొచ్చి, టీ తాగి, చుట్ట కాల్చి, మళ్ళీ టీ తాగుతున్నారు. అప్పటికి గానీ ధర రావట్లా. అందాకా నా ఫోను లైను ఖాళీ ఉండదు. బేరం పోతోంది తల్లీ!"

"లైను బాగాలేదేమో పిన్నీ."

"లైను బాగానే ఉంది. మొన్నటిదాకా బాగానే వచ్చింది. రాను రాను ముదిరింది."

కోటేశ్వరి ఫోను పెట్టేసి, "పల్లె లైన్లింతే" అంది. ఫెబా తన కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి, దాని వెనక ఉండే సోర్సు కోడ్ చూసింది. కిందికి జరిపింది. ఇంకా జరిపింది. తెల్లగా, ఖాళీగా వస్తూనే ఉంది.

"అక్కా, ఇందులో ధర ఎక్కడుంది? కోతలైపోయిన చేలో నడుస్తున్నట్టుంది. మనిషి కనపడడే!"

బాలు గారు పకపకా నవ్వాడు. ముందు గదిలో డీలరు ఎవరో ఉన్నాడు, అతనూ నవ్వాడు. కోటేశ్వరి చెవులు వేడెక్కాయి.

సంగతి ఇది. ధరల పట్టీకి పైన తెగుళ్ళ గురించి, మందుల గురించి ఆ రోజుకు తగిన సూచన ఒకటి రావాలి. సర్వర్‌లోని కోడ్, అప్పటిదాకా పోగుపడ్డ పాత సూచనలన్నీ ఒక్కొక్కటే చూసి, నేటిది కానిదాన్ని వదిలేసేది. వదిలేసినప్పుడు అక్షరం రాదు. కానీ కోడ్ మధ్యలో కోటేశ్వరి విడిచిన ఖాళీ వరుసలు మాత్రం పేజీలో పడేవి. సూచనలు పెరిగే కొద్దీ ఆ ఖాళీ పెరిగింది. తెర మీద అది కనిపించదు. ఫోను తీగ మీద మాత్రం దానికీ అక్షరంతో సమానంగా బరువుంటుంది.

కోటేశ్వరి అలా రాయడానికి కారణం ఉంది. కల్లంలో మిరపకాయలు ఆరబోసేటప్పుడు మధ్యలో కాలు పెట్టేందుకు దారులు వదులుతారు. ఆమె కోడ్ కూడా అలాగే ఎడం ఎడంగా రాసుకునేది, కళ్ళకు తెలియాలని. ఆ దారులు కూడా సరుకుతో పాటు బండెక్కి పోతున్నాయని ఆమెకు తట్టలేదు.

"నేను ఒక జల్లెడ రాస్తా" అంది ఫెబా. "పేజీ సర్వర్ గడప దాటే ముందు దాంట్లోంచి పోతుంది. ఖాళీ వరుసలు పోతాయి. పక్కపక్కన ఎన్ని ఖాళీలున్నా ఒక్కటే మిగులుతుంది. నీ కోడ్ నేను ముట్టుకోనక్కా."

ముట్టుకోనన్న మాట ఇంకా కాలింది. ముట్టుకుంటే పోట్లాడేందుకైనా ఉండేది.

సాయంత్రానికి జల్లెడ తయారైంది. మర్నాడు జానీబీ ఫోను. కోటేశ్వరే ఎత్తింది.

"వచ్చేసింది తల్లీ! ఇటు నొక్కానో లేదో అటు వచ్చేసింది. మా రైతు యలమంద అయితే టీ చెప్పి, తాగకుండానే లేచాడు. టీ కొట్టు వాడు నన్ను తిడుతున్నాడనుకో!"

అది ఫెబా చేసిందని చెప్పడానికి కోటేశ్వరికి నోరు రాలేదు. "సరే పిన్నీ" అంది. బాలు గారు బజ్జీలు తెప్పించి మొదటి పొట్లం ఫెబా చేతికిచ్చాడు. పేజీలో అంకెలు కాస్త దగ్గర దగ్గరగా జరిగాయి గానీ వరుస తప్పలేదు కదా అని అందరూ సంతోషించారు. ఫెబా కుర్చీ సర్వర్ పక్కకు మారింది. అప్పటిదాకా అక్కడ కోటేశ్వరి గొడుగు, చెప్పులు ఉండేవి.

ఆ తర్వాత కోటేశ్వరి పని కన్నా ఫెబాను ఎక్కువ చూసింది. ఆమె చున్నీ చూసింది. కీబోర్డు మీద ఆ వేళ్ళు చూసింది, టైపు నేర్చుకోని వేళ్ళు, నాలుగే కొడతాయి. బాలు గారితో ఆమె ఇంగ్లీషులో అన్నదేమిటో చెవి రిక్కించి విన్నది. పత్తి అన్న మాట వినపడితే గుండె జారేది. తప్పు ఒక్కటి దొరికితే చాలనుకుంది. ఒక్కటి, అందరి ముందూ.

అది దొరికింది.

ఆ రోజు యార్డులో సన్నాలనే మిర్చి రకానికి వేలం పాట పెట్టలేదు. ధర పడని రకానికి యార్డు వాళ్ళు సున్నా వేయరు. పంటకు సున్నా చుట్టారంటూ ఒకసారి రైతులు తిరగబడ్డారట, అప్పటి నుంచీ ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. కోటేశ్వరి కూడా అలాగే ఖాళీగా వదిలి, మిగతా ధరలు ఎక్కించి, పేజీ తెరిచి చూసింది.

పట్టీలో నాలుగు రకాలు: బాడిగ, సన్నాలు, తేజ, తాలు. ఆమె ఆ పట్టీని టైపు పరీక్షలో గళ్ళు కట్టినట్టు, స్పేస్ నొక్కి నొక్కి, పై వరుసలో పేరు, సరిగ్గా దాని కింద ధర వచ్చేలా కట్టింది. ధర లేని చోట కూడా అంత జాగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు జల్లెడ ఆ జాగాను మింగేసింది. తేజ ధర జరిగి సన్నాల కింద కూర్చుంది. తాలు ధర వచ్చి తేజ కింద కూర్చుంది. తెల్లబడి చౌకగా పోయే తాలు ధర, యార్డులో అన్నిటికన్నా ఎక్కువ పలికే తేజకు!

ఫెబా కిందికి వెళ్ళి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు మెట్ల మీదుగా పైకి వినపడింది. పిలిస్తే సరిపోయేది. "ఫెబా, ఇటు రా" అంటే చాలు.

కోటేశ్వరి పేజీ మూసేసింది. అన్నం డబ్బా తెరిచింది. గోంగూర పచ్చడి కలుపుకుని తిన్నది. నోటికి రుచి తెలియలేదు గానీ, లోపల ఎక్కడో చల్లగా ఉంది. ఎవరో ఒకరు ఫోను చేసి తిడతారు. బాలు గారి చెవినా పడుతుంది. అప్పుడు చూడాలి ఆ పొడుగు పిల్ల మొహం.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. కానీ ఎవరూ తిట్టలేదు.

"కోటేశ్వరీ, నీ నోట్లో చక్కెర పొయ్య!" జానీబీ గొంతు నిండా సంబరం. "సన్నాలకు ఎంత పెరిగిందమ్మా! యలమంద ట్రాక్టరు మాట్లాడాడు. ఊళ్ళో సన్నాలున్న వాళ్ళందరూ ఎత్తుతున్నారు. ఉండు, వాడే మాట్లాడతాడంట."

"అమ్మాయ్, యలమందని." వెనక బస్తాలు పడుతున్న చప్పుడు, ఎవరినో "ఒరేయ్, మెల్లగా ఎత్తరా" అని కేకేయడం. "నీ మేలు మర్చిపోనమ్మా. తేజోళ్ళు తలకాయ పట్టుకు కూర్చున్నారనుకో, తాలు రేటుకు దిగిందని. వాళ్ళు నమ్మం అంటే నేనే చెప్పా, ఒరేయ్ అది కోటేశ్వరి కాగితంరా, తప్పుండదు అని."

కోటేశ్వరి రిసీవరు పట్టుకుని నిలబడిపోయింది. కోటేశ్వరి కాగితం. ఊళ్ళో దాని పేరు అదట. ఫెబా పేరు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, తాను చెప్పనే లేదు గదా. రేపు యార్డులో కొనే దిక్కులేక బస్తాల మీద కూర్చుని ఈ మనిషి తిట్టేది ఫెబాను కాదు. ముందు ఆ భయమే వచ్చింది. తర్వాత బస్తాల చప్పుడు మళ్ళీ వినపడింది.

"దించేయండి బాబాయ్" అంది. "కాగితం తప్పు. సన్నాలకు ఇవాళ పాటే లేదు. మీరు చూసింది తేజ ధర. తేజోళ్ళు చూసింది తాలుది. అందరికీ చెప్పండి, ఇప్పుడే చెప్పండి."

అవతల యలమంద గట్టిగా అరిచాడు, ఆమె మీద కాదు, ట్రాక్టరు వాడి మీద.

ఫోను పెట్టి తిరిగేసరికి ఫెబా వెనకే నిలబడి ఉంది. కోటేశ్వరి తన తెర వైపు కూడా చూడకుండా, ఏది ఎక్కడికి జరిగిందో అప్పజెప్పినట్టు చెప్పడం ఆమె విన్నది. తెర మీద పేజీ కూడా లేదు. ఫెబా మూసి ఉన్న ఆ తెరను చూసింది, కోటేశ్వరిని చూసింది. ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు కోటేశ్వరికీ అర్థమైంది.

"నా జల్లెడదే తప్పు" అంది ఫెబా. వెళ్ళి కూర్చుని, ధరల పట్టీని జల్లెడ పట్టకుండా పక్కన పెట్టేలా మార్చింది. పేజీ సరిగా వచ్చాక ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకుని, మిగతా బూతులన్నిటికీ చెప్పారు. కొన్నిచోట్ల తిట్లు పడ్డాయి. ఫెబా తనకు పడినవి పడింది.

మర్నాడు బాలు గారు ఇద్దరినీ పిలిచాడు. జానీబీ పొద్దున్నే ఆయనకు ఫోను చేసిందట, మీ కోటేశ్వరి లేకపోతే మా ఊరు మునిగేదని.

"పేజీ పరిగెత్తించడం ఫెబాకు వచ్చు" అన్నాడాయన. "కానీ అంకె పక్కకు జరిగితే కనిపెట్టే కన్ను కావాలి. పత్తికి ధర పడని రోజులు ఇంకా ఎక్కువ. పత్తి పేజీ కోటేశ్వరి చూస్తుంది. ఏమంటావ్ ఫెబా?"

ఇప్పుడు చెబుతుందనుకుంది కోటేశ్వరి. మధ్యాహ్నమే చూసిందండీ, చూసి అన్నం తిన్నదండీ అంటుంది. తనైతే అనేది. ఆ మాట కోసం పళ్ళు బిగపట్టి, బాలు గారి బల్ల మీది పేపరు వెయిటు చూస్తూ నిలబడింది.

"అక్కే చూడాలి సార్" అంది ఫెబా. "ఆ గళ్ళు కట్టడం నాకు రాదు."

పక్కన కూర్చున్న డీలరు ఎవరో చప్పట్లు కొట్టాడు. ఫెబా కూడా కొట్టింది. కోటేశ్వరి తలెత్తి ఆమె మొహం వెతికింది, కళ్ళల్లో, పెదాల చివర, ఎక్కడైనా కాస్త ఎత్తిపొడుపు దొరుకుతుందేమోనని. దొరికితే బాగుండేది. పత్తి పేజీ తన చేతికొచ్చింది, ఆ పిల్ల మీద కుళ్ళు మాత్రం నిన్నటి కన్నా పెరిగింది.