గోడకవతలి జవాబు

హిందూపురంలో మిల్లు లైన్లకు పోవాలంటే రిక్షావాడు కూడా ఒకసారి తలెత్తి చూసేవాడు, మూతబడిన మిల్లు దగ్గర నీకేం పనప్పా అన్నట్టు. శామ్యూల్‌కు కావలసింది అలాంటి చోటే. పెళ్ళయిన ఏడాదికే సంగీత కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. సొంతూరు రొళ్ళలో ఉంటే ఊరంతా వచ్చి ఓదార్చి ఓదార్చి ప్రాణం తీసేట్టున్నారని, ఆర్టీసీలో కండక్టరు పనిని హిందూపురం డిపోకు మార్పించుకున్నాడు. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, పెండ్లి ఫోటో పట్టుకుని వచ్చి ఆ లైన్లలో గది బాడుగకు తీసుకున్నాడు. అది తొంభై ఏడో సంవత్సరం.

పాపం, ఎవరూ పలకరించరనే కదా వచ్చింది. చచ్చిన మిల్లు పక్కన అంత బతుకు పెట్టుకుని జనం కూర్చుని ఉంటారని అతనికి ఎవరు చెప్పారు?

మిల్లు కూలీలకని కట్టిన పెంకుటిళ్ళు, ఎదురెదురుగా రెండు వరసలు, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. వీధి చివర తుప్పు పట్టిన మిల్లు గేటు. గేటు పక్కన కూలీల రాకపోకలు రాసుకునే గదిలో ఇప్పుడు అంజనప్ప టీ అంగడి. ఆయన నూలు ఖాతాలో మేస్త్రీగా చేసినవాడు, మరిగే పాల మీద కూడా మేస్త్రీలాగే అరిచేవాడు. యూనియన్ ఆఫీసులో జెండా అలాగే ఉంది, దాని కింద రాత్రీ పగలూ క్యారం బోర్డు. ఆడవాళ్ళు మార్కెట్టు నుంచి చింతపండు మూటలు తెచ్చుకుని వాకిళ్ళలో కూర్చుని గింజలు తీస్తారు, వీధి వీధంతా పులుపు వాసన. జగడాలు కన్నడంలో మొదలై తెలుగులో ముగిసేవి. మొదటి వారం శామ్యూల్‌కు వీళ్ళంతా పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నారనే అనిపించింది. తర్వాత తెలిసింది, ఉప్పు అడిగినా అంతే, బిడ్డను ముద్దు చేసినా అంతే. ఏళ్ళ తరబడి మిషన్ల రొదలో పనిచేసిన గొంతులు అవి, మిల్లు ఆగిపోయినా తగ్గడం మరిచిపోయాయి.

అతని డ్యూటీ తెల్లవారుజామున బయల్దేరే ధర్మవరం బస్సు మీద. పెనుకొండ మీదుగా పోయి, ధర్మవరంలో అరగంట ఆగి, బత్తలపల్లి దాకా పోయి వెనక్కి రావాలి. నిద్ర పట్టక కాదు, లేచి ఏం చేయాలో తోచక లేవలేకపోయేవాడు. కళ్ళు తెరిచి దూలాల వైపు చూస్తూ పడి ఉండేవాడు. రెండుసార్లు బస్సు వేరే కండక్టరుతో పోయింది. ఇంకొక్కసారి జరిగితే ఇంటికే పంపిస్తామని డిపోలో చెప్పేశారు.

ఆ మాట లైన్ల దాకా పాకిందేమో, అంతవరకూ అతని జోలికి రాని పక్కింటి గోడ మీద ఆ మరుసటి వేకువనే మూడు దెబ్బలు పడ్డాయి. శామ్యూల్ అటు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. పిడికిలితో కొట్టిన దెబ్బలు, గోడకు వేలాడదీసిన పెండ్లి ఫోటో అదిరింది. ఇంక తట్టుకోలేక విసురుగా పోయి పక్కింటి తలుపు తీస్తే, లోపల ఒక ముసలామె గోడకు అరచేయి ఆనించి నిలబడి ఉంది. ఆమె పేరు ఎల్లమ్మ. మిల్లులో నూలు వడికి వడికి చెవులు పోగొట్టుకున్న మనిషి. అతని కోపం ఆమెకు వినపడలేదు, పెదాలు కదలడం మాత్రం చూసింది.

"నువ్వు జవాబు కొట్టకుంటే నేను కూచోకూడదప్పా," అంది. "ఈ లైన్లలో అది పద్ధతి. నా మోకాళ్ళు నొస్తాండాయి. రెండు దెబ్బలు కొట్టు, సాలు."

అసలు సంగతి అంజనప్ప చెప్పాడు, టీ ఉచితంగా పోసి మరీ. మిల్లు మూడు షిఫ్టులు నడిచిన రోజుల్లో ఈ ఇళ్ళలో గడియారాలు లేవు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు పొద్దున షిఫ్టువాళ్ళను లేపాలి. గోడ మీద మూడు కొడితే లే అని, అవతల నుంచి రెండు కొడితే లేచానని. ఆ రెండూ వచ్చేదాకా లేపేవాళ్ళు కూర్చోకూడదు, పడుకోకూడదు. మిల్లు సైరన్ కూత ఆగితే గేటు పడుతుంది, ఒక ఇంటికి ఆ రోజు కూడు లేకుండా పోతుంది, ఆ పాపం లేపనివాళ్ళది. మిల్లు పోయింది, కూత పోయింది, లేచి పోవడానికి షిఫ్టే లేదు. అయినా వేకువన ఎల్లమ్మ గోడ కొడుతూనే ఉంది, అది ఇంటింటికీ సాగి వీధి చివరికి పోతూనే ఉంది. ఆమెకు జవాబు చెవితో తెలియదు, అరచేతితోనే తెలుస్తుంది.

మరునాడు మూడు దెబ్బలు పడగానే శామ్యూల్ చేతికందిన వస్తువుతో రెండు కొట్టాడు. అది టికెట్లకు చిల్లు పెట్టే ఇనుప పంచి. సాయంత్రం ఎల్లమ్మ ఎదురొచ్చి, "అందరిదీ మెత్తగా తగుల్తాది, నీది సూది మాదిరి తగుల్తాది," అని అరచేయి చూపించి నవ్వింది. ఆ రోజు నుంచి అతను ఒక్క బస్సూ పోగొట్టుకోలేదు.

లేస్తే వీధి కనబడుతుంది, కనబడితే పలకరించకుండా పోలేం కదా. ధర్మవరం నుంచి ఒకరికి మందులు, ఒకరికి పట్టుదారం తెచ్చి పెట్టి, ఏడాది తిరిగేసరికి అతను లైన్లకంతా "మా బస్సాయన" అయిపోయాడు. క్రిస్మస్‌కు అతని గదిలో అడుగు పెట్టడానికి సందు లేదు. అంజనప్ప పాలబిందెతో సహా వచ్చేశాడు.

ఒకనాటి సాయంత్రం ఎల్లమ్మ సంగటి ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంటే, వినపడదు కదా అన్న ధైర్యంతో అతను సంగీత గురించి మొత్తం చెప్పేశాడు. ఆస్పత్రి వరండా, తెల్లగుడ్డ చుట్టిన బిడ్డ, ఎవరికీ చెప్పనివన్నీ. ఆమె పెదాలు చదువుతుందని అప్పుడు గుర్తు రాలేదు. అంతా అయ్యాక ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏడ్చుకో అప్పా. ఏడ్సి, పొద్దున మాత్రం లేయి," అంది. ఊరంతా కలిసి చేసిన ఓదార్పు అతనికి ఒంటబట్టలేదు గానీ, ఈ మాట పట్టింది.

మిల్లు స్థలం వేలానికి పోయిందని రెండు వేల రెండులో నోటీసు వచ్చింది. లైన్లు ఖాళీ చేయాలి. వీధి చివరి నుంచి ఇల్లూ ఇల్లూ ఖాళీ అవుతుంటే వేకువ దెబ్బ పోయే దూరం తగ్గుతూ వచ్చింది. చివరికి ఈ గోడ ఒక్కటే మిగిలింది. ఇటు ఆమె, అటు అతను.

ఆ వారంలో శామ్యూల్‌కు ధర్మవరంలో రాత్రి మకాం డ్యూటీ పడింది. ముందు రోజే ఎల్లమ్మకు మొహంలో మొహం పెట్టి చెప్పి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆమె గది ఖాళీ. గడప దగ్గర చింతగింజలు మాత్రం చెదిరి ఉన్నాయి. అంగడి సామాను మూటగట్టుకుంటున్న అంజనప్ప చెప్పడానికి ఇష్టపడలేదు, అయినా చెప్పాడు. అల్లుడు తెల్లారకముందే టెంపో తెచ్చాడట. ఆమె ఇతని మకాం సంగతి మరిచిపోయి గోడ కొడుతూ నిలబడి ఉందట. అతను లేడు రావమ్మా అంటే వినపడలేదట. జవాబు రాలేదు, నేను రాకూడదు అంటుంటే ఇద్దరు పట్టి ఎత్తుకుపోయి టెంపోలో కూర్చోబెట్టారట. ధర్మవరంలో మగ్గాల వీధిలో కూతురింటికి అన్నారు గానీ ఏ వీధో అడగలేదు.

ధర్మవరంలో మగ్గం లేని వీధి ఏది? శామ్యూల్ ఆగిన అరగంటలో రోజుకో వీధి తిరిగాడు. మిల్లులో పనిచేసిన ఎల్లమ్మ అంటే ఎవరికీ తెలియలేదు. తనూ లైన్లు వదిలి డిపో దగ్గర గది తీసుకుని ఒక అలారం గడియారం కొనుక్కున్నాడు. అది మోగేది, ఇతను లేచేవాడు, అంతే. దానికి ఎవరూ జవాబు కొట్టనక్కరలేదు. ఆ సుఖానికి అతను ఏ రోజూ సంతోషపడలేదు.

వానలు మొదలయ్యాక ఒకనాడు బత్తలపల్లిలో ఎక్కిన ఆడమనిషి, అతను టికెట్ టికెట్ అంటూ కమ్మీ మీద పంచితో కొడుతుంటే అదేపనిగా ఆ పంచి వైపే చూసింది.

"మిల్లు లైన్ల శామ్యూలువి నువ్వేనా అన్నా?" అని అడిగింది. "నేను ఎల్లమ్మ కూతురు కుళ్ళాయమ్మను. నీ కోసం యెన్ని బస్సులు ఎక్కినానో."

ధర్మవరం వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది, అతను టికెట్లు కొట్టడం మరిచి నిలబడ్డాడు. వచ్చిన రోజు నుంచి అమ్మ గోడ దగ్గరి నుంచి కదలడం లేదట. మూడు కొట్టడం, చేయి ఆనించి నిలబడడం. సోలి పడిపోతే పడుకోబెడతారు, మెలకువ వస్తే మళ్ళీ గోడ దగ్గరే. కాళ్ళు వాచి నీరు కారుతున్నాయి. కూతురు అవతలికి పోయి రెండు కొట్టి చూసింది, ఇది వానిది కాదు అందట. పక్కింట్లో మగ్గం నడుస్తుంటే గోడ అదురుతూ ఉంటుంది, అది ఆమె అరచేతికి తెలుస్తుంది.

"ఆ అదురు నువ్వేనంట అన్నా. లేసినాడు గానీ లేయలేక పొర్లాడతాండాడు అంటాది. ఇప్పుడు వదిలేస్తే వాడు ఇంగ లేయడు అంటాది."

డ్రైవరుకు ఒక మాట చెప్పి శామ్యూల్ ఆమె వెంట పరుగెత్తి, ముందు ఆ పక్కింట్లోకి పోయాడు. పక్కింటి నేత మనిషి నారాయణ సంగతి విని మగ్గం ఆపేసి లేచాడు. ఆ ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అవతల నుంచి మూడు దెబ్బలు పడ్డాయి. లైన్లలో ఫోటోను అదిరించిన దెబ్బలు కావివి, గోడను నిమిరినట్టున్నాయి. శామ్యూల్ పంచి తీసి రెండు కొట్టాడు. ఇంక అటు నుంచి ఏమీ వినపడలేదు.

చుట్టి వచ్చి గడపలో నిలబడేసరికి ఎల్లమ్మ కూర్చుని ఉంది. గోడకు వీపు ఆనించి, వాచిన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కుళ్ళాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముసలామె గడపలోని ఖాకీ బట్టల మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎవురప్పా నువ్వు? పక్కింటి పిల్లోడు ఇప్పుడే లేసినాడు, పోయి పలకరించి వాణ్ణి నిలబెట్టొద్దు. పెండ్లాం పోయింది వానికి. ఒకరు లేపకుంటే లేయడు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు. "వాడు లేసినాడవ్వా. బస్సుకు పోయినాడు."

"బువ్వ తిన్నాడా?"

తిన్నాడని తలూపాడు. అయితే సరే అన్నట్టు ఆమె కళ్ళు మూసుకుంది. బస్టాండులో హారన్ మోగుతోంది. రేపు కూడా వస్తావా అన్నా అని కుళ్ళాయమ్మ అడిగింది. రోజూ వస్తానని మాట ఇచ్చి అతను పరుగెత్తాడు. ఆ దినమంతా అతనికి సంతోషంగానే ఉంది. సంగీత పోయాక అంత సంతోషం అదే మొదటిసారి.

మర్నాడు మొదటి ట్రిప్పులోనే నేరుగా ఆ పక్కింటికే పోయాడు. నారాయణ ఇతన్ని చూసి మగ్గం ఆపాడు. గోడ అవతల చప్పుడేమీ లేదు. నిద్రపోతోందేమో, ఎన్నాళ్ళ నిద్రో, ఈ రోజు నేనే లేపుతా అనుకుని శామ్యూల్ పంచితో మూడు కొట్టాడు. కాసేపు ఆగి మళ్ళీ మూడు కొట్టాడు. అప్పుడు అవతల నుంచి అమ్మా అంటూ కుళ్ళాయమ్మ ఏడుపు లేచింది, వెంటనే ఇంకెవరో అందుకున్నారు.

నారాయణ వచ్చి భుజం పట్టుకున్నాడు. చాలు రాప్పా, వచ్చి కూర్చో అన్నాడు. శామ్యూల్ కూర్చోలేదు. జవాబు రానిదే కూర్చోకూడదు కదా అంటూ ఆ గోడ కొడుతూనే నిలబడ్డాడు.