సోమవారం మాత్ర

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

సూపర్‌వైజరమ్మ టార్చి వేసి చూసి రిజిస్టరులో టిక్కు పెట్టింది. కుట్టుమిషన్లు ఆపి ముప్పైమంది ఆడవాళ్లు వరుస కట్టారు. పనిలో కళ్లు తిరిగి పడిపోతుంటే చొక్కాల లెక్క తగ్గుతోందని కంపెనీ కనిపెట్టిన వైద్యమిది. ప్రతి సోమవారం అందరూ ఒక ఎర్రటి ఐరన్ మాత్ర మింగాలి. రోజుకు మూడు వందలిచ్చే యజమానికి కూలి పెంచడం కంటే మాత్రే చవక.

వరుసలో ఏడో మనిషి కాలర్లు కుట్టే అమ్మాయి. కళ్లు పచ్చగా ఉంటాయని అందరూ పసుపుకొమ్మంటే తనూ నవ్వేస్తుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అరచేతి చెమటకు మాత్ర రంగు కారుతోంది.

ఆమెకు పుట్టుకతోనే ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకోసారి ఎక్కించుకోవాలి. ఎక్కించిన ప్రతి సంచితోనూ ఇనుము వచ్చి చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి ఒంటికి తెలియదు. అందుకే రోజూ పొద్దున్నే నీళ్లలో కలుపుకుని ఒక మందు తాగుతుంది. జబ్బని తెలిస్తే పని పోతుందని, సెలవు కావాల్సినప్పుడల్లా అమ్మమ్మకు బాగాలేదంటుంది. ఎప్పుడో పోయిన ఆ ముసలమ్మకు ఇప్పటికి ఇరవైసార్లు జబ్బు చేసింది.

నాలుగు సోమవారాలు భయపడి మింగింది. మొన్న గుండె లయ తప్పుతోందని చెబితే డాక్టరమ్మ స్కాను తీయించింది.

"ఏళ్లుగా పేరుకున్న ఇనుము గుండెదాకా వచ్చిందమ్మా. మేం చెంచాతో తోడుతుంటే నువ్వు పైనుంచి పోసుకుంటున్నావా? ఇంకొక్క మాత్ర కూడా ముట్టుకోకు."

ఇప్పుడు వరుసలో తన వెనకే నిలబడ్డ వదిన, అదే లైనులో గుండీలు కుట్టే మనిషి, చెవిలో గొణిగింది. "మింగెయ్యవే తల్లీ. ఒక్కదానికి ఏం కాదులే. ఈ పని పోతే నీ మందెవరు కొంటారు? మీ అన్న జీతం ఇంటద్దెకే చాలట్లేదు."

వదిన చెప్పిందీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తర్వాత ఎవరు? త్వరగా రండి!"

నోటిదాకా చెయ్యెత్తింది. గుండె ఒకసారి కొట్టుకుంది, రెండోసారి కొట్టుకుంది, మూడోది రాలేదు. అది వచ్చేలోపు ప్రాణం పోయినంత భయమేసింది. ఇన్నాళ్లూ పని పోతుందన్న భయమే పెద్దదనుకుంది.

"నేను మింగనండి."

"ఏంటీ నాటకాలు? ఉత్తినే ఇస్తుంటే నొప్పా?"

"ఇది నా గుండెకు పడదండి. నాకు తలసీమియా. పుట్టుకతోనే ఉంది." మాత్ర ఉన్న గుప్పిట మూసింది. "మా అమ్మమ్మ ఎప్పుడో పోయింది."

వరుసలో ఎవరో కిసుక్కుమనబోయి ఆగిపోయారు.

"జబ్బు దాచి చేరావా? వెళ్లు, సంచి సర్దుకో!"

ఆమె మాత్రను రిజిస్టరు మీద పెట్టింది. టిక్కుల మధ్య ఎర్ర మరక పడింది. వెనక్కి తిరిగి సంచి దగ్గరికి కాకుండా తన మిషను దగ్గరికే వెళ్లి కూర్చుంది. చెయ్యి చున్నీకి తుడుచుకుని, తెల్ల కాలరొకటి సూది కిందికి తోసి, పెడలు తొక్కింది.

అంత పెద్ద షెడ్డులో ఆ ఒక్క మిషనే నడుస్తోంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. సూపర్‌వైజరమ్మో, వదినో. ఆమె తిరిగి చూడలేదు.