మోటారు కంపెనీవాళ్ళ గుంట

జూన్ రెండో ఆదివారం ఉదయం ఆరున్నరకు సూలూరులో మోటారు పంపుల కంపెనీ యజమాని నారాయణసామి తన పెరటి గుంటలోకి ఒక మోటారు దించాడు. ఏడింటికి గుంట ఖాళీ అయింది. నీళ్ళు గేటు దాటి వీధి కాలువలో కలిశాయి.

గుంట ఆయన భార్య వళ్లిది. వేసవి వానలకు అది నిండింది. తుంగ మొలిచింది, తూనీగలు వాలాయి, కప్పలు గుడ్లు పెట్టాయి. పడిన ప్రాణి ఎక్కి రావడానికి వళ్లి ఒక గట్టును వాలుగా తీయించింది. నీలం టైల్సు వేయిస్తానని భర్త అన్నాడు, ఫౌంటెను పెడతానన్నాడు. ఆమె రెండూ వద్దంది. ఆ ఉదయం ఆమె అన్నూరులో అక్క ఇంట్లో ఉంది.

పాఠకులు నారాయణసామిని చెడ్డవాడనుకోవద్దు. నిలిచిన నీళ్ళను కదిలించడమే ఆయన బతుకు. పెళ్ళిలో గంగాళం చూసినా ఎంత హార్స్‌పవర్ కావాలో ఆలోచించేవాడు. ఆ మధ్యాహ్నం డీలర్లు భోజనానికి వస్తున్నారు. పంపులు చేసేవాడి పెరట్లో నీళ్ళు ఊరకే ఉంటే, దర్జీ చిరుగుల చొక్కాతో తిరిగినట్టుంటుందని ఆయన బాధ.

వళ్లి వచ్చి గుంటను చూసింది.

"నీళ్ళేవి?"

"సుమ్మా ఊరకే కూచుని ఉండె కదా, తోలేస్తిని. డీలర్లు చూస్తే అసింగం, పరువు పోతుంది. దోమలు వేరే."

"దోమపిల్లల్ని తినేవే అందులో ఉండె. వాటినేల తోలితిరి? మీ డీలర్లు తినేదానికి నేనేమన్నా అంటినా?"

ఆమె బురదలో మిగిలిన తోకకప్పలను ఏరి ఇడ్లీ గుండిగలో వేసింది. "సాయంత్రంలోగా గుంటలో నీళ్ళుండాల. లేకుంటే ఇవి చస్తాయి. కొళాయి నీళ్ళు వద్దు, దాంట్లో బ్లీచింగు ఉంది. బోరు నీళ్ళే పోయండి."

"అంతేనా? మన మోటారు ఉండగా నీకేల దిగులు?"

డీలర్లు వచ్చారు. కొత్త మోటారును చూపించడానికి ఇదే అదను అనుకుని నారాయణసామి వాళ్ళకు గుంట చుట్టూ కుర్చీలు వేయించాడు. బోరులో ఉన్నది ఆ మోటారే. స్విచ్చి నొక్కాడు. మోటారు చప్పుడు లేకుండా తిరిగింది. గొట్టం రెండుసార్లు ఎర్రనీళ్ళు కక్కి ఆగింది. ఆ తర్వాత గాలి వచ్చింది.

పెరియకుళం డీలరు నల్లసామి తన తుండుగుడ్డ కొసను గొట్టం ముందు పట్టాడు. గుడ్డ ఎగిరింది.

"గాలి బాగుందన్నా. ఫ్యాను కంపెనీ ఎప్పుడు పెడితిరి?"

అందరూ నవ్వారు. నారాయణసామి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"ఇంకా లోతుకు దించండన్నా" అన్నారొకరు.

"ఎనిమిది నూర్ల అడుగుల్లో ఉంది. ఇంకెక్కడికి దించేది?"

ఆయన కాళ్ళ కింద చూశాడు. గుంట తప్ప గోడ నుంచి గోడ దాకా సిమెంటే. కారు చక్రాలకు మట్టి అంటకూడదని తానే పోయించాడు. ఇన్నేళ్ళ వానా గేటు దాటి పోయింది. ఆగిన కాసిన్ని నీళ్ళను ఈ ఉదయం తానే పంపించాడు.

కొత్త మోటారు గురించి మాట్లాడవలసిన ఆయన లేచి డీలర్లతో ఇలా అన్నాడు: "మోటారు, ఉండే నీళ్ళను తీస్తుంది. లేని నీళ్ళను తీసే మోటారు నేను చెయ్యలేదు, ఎవరూ చెయ్యలేరు. అమ్మేముందు ఒక మాట అడగండి: మీ ఇంట్లో వాన నిలిచేదానికి చోటు ఉందా? లేకుంటే ఎంత మంచి మోటారైనా గాలే ఊదుతుంది."

"పేచ్చు బాగుంది" అంది వళ్లి ఆ ఉపన్యాసం విని, వంటింటి గుమ్మంలోంచి. "గుండిగలో ఉండేవాటికి ఏం జవాబు?"

పక్క కొబ్బరితోటలో బావి ఉంది. అక్కడ నేల మీద సిమెంటు లేదు, బావిలో నీళ్ళున్నాయి. కానీ అంతలో కరెంటు పోయింది. భోజనాలయ్యాక మోటారు డీలర్లు పంచెలు ఎగగట్టి గిలకమీద చేదతో నీళ్ళు తోడారు. నారాయణసామి బిందెలు మోశాడు.

"ఎన్ని హార్స్‌పవరన్నా ఇది?" అన్నాడు నల్లసామి తాడు లాగుతూ.

"మూసుకుని లాగరా."

సాయంత్రానికి గుంటలో మోకాలి లోతు నీళ్ళు చేరాయి. వళ్లి గుండిగను నీటి అంచున వంచింది. తోకకప్పలు తుంగ మొదళ్ళ వైపు వెళ్ళాయి.

మర్నాడు గునపాలతో ఇద్దరు కూలీలు వచ్చి పెరట్లో సిమెంటు తవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి నారాయణసామి కారు వీధిలో నిలుస్తోంది.