పై వాటాలో చప్పుడు

రోజూ పొద్దున పది గంటలకు పై వాటాలో ఏదో దబ్బున పడేది. కాసేపటికి నవ్వులు వినిపించేవి. కింద వాటాలో ఉండే రిటైరైన నర్సమ్మ వారం రోజులు చెవులు రిక్కించి విన్నా అదేమిటో అంతుపట్టలేదు. ఎనిమిదో రోజు ఉండబట్టలేక మెట్లెక్కి తలుపు తట్టింది.

పక్కింట్లో బట్టలు కుట్టే అక్క తలుపు తీసింది. లోపల నేలపై పరిచిన పరుపు మీద, ఆ వాటాలో ఒంటరిగా ఉండే టీచరమ్మ వెల్లకిలా పడి ఉంది.

"అయ్యో, పడిపోయావా?" అంది నర్సమ్మ కంగారుగా.

"పడిపోలేదు వదినా, కావాలనే పడ్డాను," అంది టీచరమ్మ.

పోయిన నెల ఆమె స్నానాల గదిలో జారిపడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, లేవడం చేతకాక గంటసేపు నేల మీదే ఉండిపోయింది. అప్పటినుంచి ఇద్దరూ కలిసి లేవడం సాధన చేస్తున్నారు.

"ముందు పక్కకి తిరగాలి. తర్వాత మోకాళ్ళ మీదికొచ్చి, కుర్చీ పట్టుకుని లేవాలి," అని అక్క వివరించింది.

"ఇందులో నేర్చుకునేదేముంది? నేను ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఎంతమందిని లేపానో," అంది నర్సమ్మ.

"నిన్ను నువ్వు ఎప్పుడైనా లేపుకున్నావా?" అంది అక్క.

నర్సమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా పరుపు మీద పడుకుంది. మొదటిసారి సగంలోనే ఆగిపోయింది. రెండోసారి కాలు జారింది. మూడోసారి కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆయాసం తీరాక అడిగింది.

"దగ్గర్లో కుర్చీ లేకపోతే ఎలా లేస్తారు?"

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్ళకీ తెలియదు.

"అయితే ఆ కుర్చీ అవతల పెట్టండి, చూద్దాం," అంటూ నర్సమ్మ మళ్ళీ పడుకుంది.