సిగ్గుల పెట్టె

కండలయ్య జిమ్ముకి వెళ్ళినవాళ్ళకి ముందు కనిపించేది కండలయ్య కాదు, కండలయ్య బోర్డు. "ఇక్కడ స్టెరాయిడ్లు వాడరు. వాడనివ్వరు." అక్షరాలకి కూడా కండలు పెట్టించాడు మహానుభావుడు. ఆ "వాడరు" చూస్తే ఛాతీ విరుచుకుని మనమీదకి వస్తున్నట్టే ఉంటుంది.

బోర్డు కింద అద్దాల పెట్టె. వచ్చేవాళ్ళ సంచులు గుమ్మం దగ్గరే తనిఖీ చేస్తారు. కండలు పెంచే సూదులో సీసాలో దొరికితే మనిషిని బయటికి పంపి, సరుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. దానికి సిగ్గుల పెట్టె అని పేరు. వేరే జిమ్ముల్లో అద్దాలు మన ఒళ్ళు మనం చూసుకోడానికి. ఇక్కడ పక్కవాడి తప్పు చూసుకోడానికి.

ఇంతటి శుద్ధపూస ఇంట్లో రోజూ స్టెరాయిడ్ మింగే మనిషి ఒకరున్నారు. ఆయన కన్నకూతురు.

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ఒళ్ళు తట్టుకోవాలంటే కార్టిసాల్ కావాలి, అది తయారయ్యేది అక్కడే. కాలేజీలో చేరిన ఏడాదే ఈ పిల్లకి ఆ టోపీలు టోపీ పెట్టాయి. ఒంట్లో తయారవ్వడం మానేసినదాన్ని మాత్రల రూపంలో నోట్లో వేసుకుంటోంది, అంతే. కండలు పెంచే సరుక్కీ దీనికీ ఇంటిపేరు ఒకటే తప్ప చుట్టరికం లేదు.

ఆ సంగతి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఇంక పెద్దదానివయ్యావు, నీ మందు నువ్వే చూసుకోవాలి. మామూలు రోజుల్లో మామూలు మాత్ర. జ్వరమొస్తే మాత్రలు పెంచాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే వెంటనే తొడకి ఇంజెక్షన్, ఆ తర్వాత ఆస్పత్రి. ఆలోచించి పొడవడం కాదమ్మా, పొడిచాక ఆలోచించుకోవడం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు." పిల్లా, పిల్ల తల్లీ అక్కడే కమలాపండుని పొడిచి పొడిచి నేర్చుకున్నారు. కండలయ్య ఆ వేళ కారుకి నీడ వెతుక్కుంటున్నాడు. స్టెరాయిడ్ అనే మాటలో ఆయన తలకెక్కింది మధ్యలో ఉన్న "రాయి" ఒక్కటే.

"ఎవరైనా అడిగితే విటమిన్లని చెప్పమ్మలూ," అన్నాడు.

"విటమిన్ మానేస్తే మనిషి పోడు నాన్నా. ఇది మానేస్తే నేను పోతాను."

"అబ్బ, పొద్దున్నే ఆ మాటలెందుకు? ఫలానా విటమిన్ అని ఎవడూ అడగడులే."

పిల్ల మణికట్టుకి జబ్బు పేరూ మందు పేరూ చెక్కిన కడియం ఉంటుంది, ఎక్కడైనా పడిపోతే చూసినవాళ్ళకి తెలియడానికి. దానిమీద చెమట పట్టీ తొడిగించాడు. పట్టీమీద జిమ్ము గుర్తు. కూతురి ప్రాణాన్ని కప్పెట్టి దానిమీద కూడా ప్రకటన వేయించుకున్న ఘనుడు.

ఇలా ఉండగా జిమ్ము వార్షికోత్సవం వచ్చింది. వేదికమీద భార్యాబిడ్డలతో నిలబడి "మా కుటుంబమే మా సాక్ష్యం" అని చెప్పి ఫొటో దిగాలని ఆయన పథకం. ఆ ఉదయం సాక్ష్యానికి జ్వరం. పిల్ల డాక్టరమ్మ చెప్పినట్టే మాత్రలు పెంచి వేసుకుని పడుకుంది.

"ఒక్క ఫొటోకే అమ్మలూ. నవ్వేసి వచ్చెయ్."

"జ్వరంతో ఉన్న పిల్లని నవ్వమంటారేంటండీ?" అంది వాళ్ళావిడ.

"కార్లోనే కదే తీసుకెళ్ళేది? బరువులెత్తమన్నానా?"

బరువులు ఎవరెత్తమన్నారు? ఆయన పరువు ఎత్తమన్నాడు. దానికంటే బరువైనది ఆ జిమ్ములో లేదు.

జిమ్ముకి చేరేసరికి పిల్లకి కడుపులో తిప్పింది. సంచీ గుమ్మం దగ్గరి బల్లమీద పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని బాత్రూములోకి పరుగెత్తింది. పొద్దుటి మాత్రలు కూడా బయటికొచ్చేశాయి.

"అమ్మా, ఇంజెక్షన్ తీసుకురా. సంచీలో ఎర్ర పర్సు."

బల్లమీద సంచీ ఉంది. లోపల పర్సు లేదు.

ఎక్కడికి పోయిందంటే, కొత్తగా చేరిన కోచ్ ఒకడున్నాడు. మెడ ఉండాల్సిన చోట కూడా భుజాలే పెంచుకున్న మనిషి. యజమాని కూతురి జబ్బు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదని ఇంట్లో ఆజ్ఞ. బల్లమీద సంచీ కనబడితే వెతకడం అతని ఉద్యోగం. వెతికాడు. సిరంజీ, సీసా దొరికాయి. నిధి దొరికినట్టు పట్టుకుపోయి, ముఖ్య అతిథిగా వచ్చిన పళ్ళ డాక్టరు ముందే యజమానికి చూపించాడు.

"సార్, ఈ రోజు కూడా ఒకటి దొరికింది సార్."

కండలయ్య ఆ పర్సు గుర్తుపట్టాడు. గుర్తుపట్టకపోతే ఈ కథ వేరు, ఆయన్ని నేనింతలా ఆడిపోసుకోను. గుర్తుపట్టాడు. "అది మా అమ్మాయిది, ఇటివ్వు" అంటే సరిపోయేది. ఎదురుగా పళ్ళ డాక్టరు పళ్ళన్నీ బయటపెట్టి మెచ్చుకోలుగా నవ్వుతున్నాడు. చుట్టూ సభ్యులు. ఫొటో అయ్యాక నెమ్మదిగా తీసుకోవచ్చులే అనుకున్నాడు.

"పెట్టెలో పెట్టు," అన్నాడు. పైగా, "మీ చేతులమీదుగా తాళం వెయ్యండి డాక్టరుగారూ," అని గౌరవం కూడా చేశాడు. ఆయన తాళం వేసి, చప్పట్లు కొట్టించుకుని, చెవి జేబులో వేసుకుని, ఇంకో సభకి వేళైందని వెళ్ళిపోయాడు. చెవి పోయిందని గమనించడానికి ఇక్కడ ఎవరికీ చెవులు ఖాళీగా లేవు, చప్పట్లతో నిండిపోయాయి.

తల్లి బల్లంతా వెతికి తలెత్తేసరికి ఎదురుగా అద్దాల వెనక ఎర్ర పర్సు.

"ఏవండీ, పెట్టె తియ్యండి. పిల్ల కళ్ళు తేలేస్తోంది."

కండలయ్య జేబులు తడుముకున్నాడు. పాంటు జేబు, కోటు జేబు, మళ్ళీ పాంటు జేబు. "చెవి... డాక్టరుగారి దగ్గర... ఫోన్ చేస్తానుండు... ముందు కాస్త గ్లూకోజు పట్టిద్దాం, వీళ్ళందరూ వెళ్ళాక..."

"వీళ్ళు వెళ్ళేలోపు అది వెళ్ళిపోతుందండీ."

ఆవిడ గిరుక్కున తిరిగింది. మూలనున్న గులాబీరంగు బుడ్డ డంబెల్ అందుకుంది. అది ఎత్తే ఆడవాళ్ళని చూసి కండలయ్య "గిలక్కాయ బాగుందామ్మా" అని రోజూ వెక్కిరిస్తుంటాడు. ఆ గిలక్కాయతో ఒక్కటిచ్చింది. అద్దం భళ్ళుమంది. పర్సు తీసుకుని బాత్రూము గుమ్మంలో కూలబడ్డ కూతురి దగ్గర మోకాళ్ళమీద కూచుంది. మందు కలిపింది. కమలాపండు దగ్గర నేర్చుకున్నట్టే సిరంజీలోకి ఎక్కించింది.

కండలయ్య కూడా పరుగెత్తుకొచ్చాడండోయ్. పెద్ద తువ్వాలు పట్టుకొచ్చి అడ్డం పట్టాడు. ఆడపిల్ల మర్యాద కోసం కాబోలని అందరూ తలలు తిప్పుకున్నారు. తువ్వాలు కూతురివైపు లేదు. సిరంజీవైపు ఉంది.

"నాన్నా," అంది పిల్ల, గొంతు పీలగా. "తువ్వాలు తీసెయ్. అమ్మకి వెలుగు లేదు."

తీసేశాడు. ఆవిడ తొడకి సూది పొడిచింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కోచే పిల్లని ఎత్తుకెళ్ళి కార్లో పడుకోబెట్టి, తనూ ఎక్కాడు. దారిపొడుగునా "చెబితే ముట్టుకునేవాణ్ణి కాదు మేడమ్, ఒక్క మాట చెబితే..." అని అంటూనే ఉన్నాడు. ఆ ఒక్క మాట చెప్పాల్సినాయన స్టీరింగు వెనక ఉన్నాడు.

ఆస్పత్రిలో తల్లిని పిల్లతోబాటు లోపలికి పంపి, నర్సు తండ్రిని ఆపింది.

"ముందునుంచీ ఏమైనా జబ్బుందా? రోజూ ఏం మందు వాడుతోంది?"

"వి..." అన్నాడు. అలవాటు. మింగేసి, నర్సు చెవి దగ్గర గొణిగాడు.

"వినపడటం లేదండీ, గట్టిగా చెప్పండి."

"స్టెరాయిడ్," అని అరిచాడు. "మా అమ్మాయి స్టెరాయిడ్ వాడుతుంది. అది లేకపోతే బతకదు."

హాలంతా తనవైపు తిరుగుతుందని మెడ కుదించుకుని నిలబడ్డాడు. ఒక్క తలా తిరగలేదు. చేతికి కట్టు కట్టించుకున్నాయన ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. ఇన్నాళ్ళు దాచిన పరువుని చూసేవాడే లేడు.

"హైడ్రోకార్టిసోన్ మాత్రేనా? పూటకి ఎంత వేసుకుంటుంది?" అంది నర్సు.

"తెలీదమ్మా," అన్నాడు. ఎవడి కండ ఎన్ని అంగుళాలో చూడకుండా చెప్పగల మనిషి.

పిల్ల కోలుకుని ఇంటికొచ్చింది. మర్నాడు నేరుగా జిమ్ముకెళ్ళి, పగిలిన పెట్టె పక్కన మేకు కొట్టించి ఎర్ర పర్సు తగిలించింది. చెమట పట్టీ తీసి చెత్తబుట్టలో వేసింది. కోచ్‌ని పిలిచి, కమలాపండు చేతికిచ్చి, ఎలా పొడవాలో నేర్పుతోంది. మెడలేని మనిషి తల ఊపలేక భుజాలు ఊపుతున్నాడు.

కండలయ్య దగ్గరికొచ్చాడు. "అమ్మలూ, పర్సు మరీ గుమ్మంలో ఎందుకు? కాస్త లోపలికి పెడదామా? వచ్చేపోయేవాళ్ళు..."

"సిగ్గుగా ఉంటే నువ్వు లోపలికెళ్ళు నాన్నా. అది ఇక్కడే ఉంటుంది."

ఆయన బోర్డు చూశాడు, మేకు చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు.