మరిగించకూడని ట్యూబులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా పరికరాలు ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను. నా బల్ల పక్కన ఎవరైనా తుమ్మినా పోట్లాటకు దిగుతాను. మామయ్య లివర్ ముక్క మా ల్యాబుకు వచ్చిన రోజు, "నీ సొంతమనిషిది కదా, ఇంకెవరైనా చేస్తారులే" అని మేడం అన్నప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు.

"వాళ్లు చెడగొడతారు మేడం. పాడైతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాం?"

మేడం మా ల్యాబుకు పెద్ద. నా మొహం చూసి సరేనన్నారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆవిడకు తెలుసు.

మామయ్య వడ్రంగి. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచి చదివించింది ఆయనే. ఆపరేషన్‌కు ముందురోజు ఆస్పత్రి మంచం మీద కూర్చుని, అసలు నువ్వు చేసే పనేమిటో చెప్పవే అని అడిగాడు. చెప్పాను. లివర్ కణాల చుట్టూ సన్నని వలలాంటి అల్లిక ఉంటుంది. గాయం మానేటప్పుడు ఆ అల్లికను అక్కడక్కడా కత్తిరించి సర్దడానికి ఒంట్లోనే కొన్ని ఎంజైములు ఉంటాయి. క్యాన్సర్ కణాలు వాటినే తమ పనికి వాడుకుంటాయి. అల్లికను కరిగించి, దారి చేసుకుని, రక్తనాళంలోకి దూరి ఇంకోచోట తేలతాయి.

"అంటే కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాడు మామయ్య. "చెద కూడా ఇంతేనే. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. వేలితో తట్టి చూస్తే గానీ లోపల డొల్లో కాదో తెలీదు."

"ఆ తట్టి చూసే పనే నాది మామయ్యా."

"అయితే గట్టిగా తట్టు. నా ఒళ్లని మొహమాటపడకు."

కణితి తీసేశారు. మేం చేస్తున్న పరిశోధనలో ఆ ఎంజైము చురుగ్గా ఉన్నవాళ్లకు నెలనెలా స్కాను, లేనివాళ్లకు మూడు నెలలకొకటి. మామయ్య ఏ జాబితాలోకి వెళతాడో నా పరీక్షే చెప్పాలి.

ఆ పరీక్ష చూడటానికి బాగుంటుంది. ముక్కను నూరి తీసిన రసాన్ని జెలటిన్ కలిపిన పలుచని పలకలో ఒక్కొక్కరికి ఒక్కో గడి చొప్పున ఎక్కించి, కరెంటు పెట్టి, తర్వాత పలకను రాత్రంతా వెచ్చగా ఉంచి నీలం రంగు వేస్తాం. ఎంజైము పని చేస్తూ ఉంటే అక్కడి జెలటిన్ తినేస్తుంది, నీలంలో తెల్లచార పడుతుంది. ఒక్కటే షరతు. రసాన్ని మరిగించకూడదు. మరిగిస్తే ఎంజైము చచ్చి ఊరుకుంటుంది. మా దగ్గరే జరిగే ఇంకో పరీక్షకు మాత్రం ప్రతి ట్యూబునూ ఐదు నిమిషాలు మరిగించి తీరాలి. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తూ ఉంటారు. అలా కలిపినవాళ్లను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు పలక చూశాను. మామయ్య గడిలో చార లేదు. పోల్చి చూడటానికి ఫ్రీజర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచే, ఎంజైము ఉందని ముందే తెలిసిన నమూనా మాత్రం తెల్లగా మెరుస్తోంది కాబట్టి పలక మంచిదే. మామయ్యతోపాటు ఎక్కించిన మరో ముగ్గురికీ చార లేదు. నలుగురికి నలుగురూ ఏమిటి అని వేరొకరి పలకైతే నిలదీసేదాన్ని. ఆ రోజు సంతోషంతో కళ్లు మూసుకుపోయాయి. ఫలితం రాసేసి మామయ్యకు ఫోన్ చేశాను.

"తట్టావా?" అన్నాడు.

"తట్టాను. గట్టిగానే ఉంది."

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం గాజుపిన్ని నా బల్ల దగ్గరికి వచ్చింది. ల్యాబులో గాజుసామాను కడిగేది, వాడేసిన ట్యూబులు ఏరి పారేసేది ఆవిడే. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ మేడం కూడా పిన్నీ అనే పిలుస్తారు.

"ఏమ్మా, జెలటిన్ వాటిని కూడా మరిగిస్తున్నారా ఈ మధ్య?"

"ఎవరు మరిగించారు?"

"ఈ నాలుగూ నీ చేతిరాతే. మూతల మీద అంకెలు కారిపోయాయి చూడు. ఈ సిరా చన్నీళ్లకు చెక్కుచెదరదు, మరిగే నీళ్ల ఆవిరి తగిలితేనే కారుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా."

"నీ పని నువ్వు చూసుకో పిన్నీ."

"చూసుకునే అడుగుతున్నా," అని నాలుగు ట్యూబులూ నా ముందు వరసగా పెట్టి వెళ్లిపోయింది.

మామయ్య అంకె సగం కారి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున రెండు పరీక్షల ట్యూబులూ ఒకే ఐసు డబ్బాలో పెట్టుకున్నాను. మామయ్య లేచి నాలుగడుగులు వేశాడని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకుని, నవ్వుతూ, అన్నిటినీ తీసి మరిగే నీళ్లలో పెట్టేశాను. గురివింద తన నలుపు ఎరగదంటారు, నాకు నా నలుపు చూపించడానికి పిన్ని రావాల్సి వచ్చింది.

మేడం దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మామయ్య ముక్కలో కందిగింజంత ఫ్రీజర్లో మిగిలి ఉంది, మిగతా ముగ్గురివీ కాస్త కాస్త ఉన్నాయి. ఈసారి వేరేవాళ్లకు ఇవ్వండి అని నేనే అడిగాను.

"నువ్వే చెయ్యి," అన్నారు మేడం. "పక్కన పిన్ని నిలబడుతుంది."

నిలబడింది. నేను ట్యూబు తీసిన ప్రతిసారీ, "అది ఐసులోదేనా?" అని అడిగింది. ఒక్కసారి కూడా నాకు కోపం రాలేదు. మర్నాడు మామయ్య గడిలో అడ్డంగా దట్టమైన తెల్లచార పడింది. మిగతా ముగ్గురిలో ఇంకొకరికీ పడింది.

సాయంత్రం మామయ్య దగ్గరికి వెళ్లి, "నీకు తప్పు చెప్పాను మామయ్యా," అన్నాను. పిన్ని పట్టుకున్న సంగతి కూడా చెప్పాను.

"డొల్ల ఉందని తెలిస్తే చెక్క మార్చుకుంటాం," అన్నాడు మామయ్య. "తెలీకపోతేనే ఇల్లు కూలేది. ఎవరే ఆ పిన్ని?"

నెలనెలా స్కాను మొదలైంది. రెండో నెలలో మిరియపు గింజంత మచ్చ కనిపించింది. సూది గుచ్చి కాల్చేశారు. మూడో నెల దాకా ఆగితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, ఇప్పుడు మాత్రం చిన్నగా ఉండగానే దొరికింది అన్నారు డాక్టరు. నాకు అది చాలు.

ఏడాది తర్వాత, స్కాను మళ్లీ శుభ్రంగా వచ్చిన రోజున, మామయ్య చంకలో ఒక పీట పెట్టుకుని ల్యాబుకు వచ్చాడు. గాజుసామాను కడిగే తొట్టి పిన్నికి ఎత్తు. బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద నిలబడి కడుగుతుంది. దాని ఎత్తు కొలిచి తెమ్మని మామయ్య నెల కిందటే నాకు పురమాయించాడు.

పిన్ని చేతులు తుడుచుకుని పీట ఎక్కింది. అటూ ఇటూ ఊగి చూసింది. "కదలదే!" అంది.

మామయ్య వంగి పీటను వేలి కణుపుతో తట్టాడు, టక్కుమని గట్టిగా పలికింది. తర్వాత అదే వేలితో తన కుడి డొక్క మీద తట్టుకున్నాడు.

"దీన్ని తట్టి చూసింది మీరేనమ్మా," అన్నాడు. "మా పిల్ల తట్టాననుకుంది."

పిన్ని తొట్టివైపు తిరిగి కుళాయి తిప్పింది. నేను పక్కనే నిలబడి భోరుమన్నాను. ఏడాదిగా ఆవిడకు థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"ఏడిస్తే ఏడ్చావు గానీ అటు జరుగు," అంది పిన్ని, తన కళ్లు మోచేత్తో తుడుచుకుంటూ. "కడిగిన గాజు మీద పడితే మళ్లీ కడగాలి."